కుర్చీ నుండి లేచుట

రాజమహేంద్రవరమున కోటిపల్లి బస్టాండునకు పోవు దారిలో, ఒక చెట్టు క్రింద గోనెపట్టా పఱచుకొని, ముందొక ఇనుప దిమ్మెయు ప్రక్కన మైనము పూసిన దారపు ఉండయు పెట్టుకొని, చెప్పులు కుట్టు వృద్ధుడొకడు కూర్చుండును. ఏడాదిన్నర క్రిందట ఒక సాయంకాలము కార్యాలయము విడిచి వచ్చుచు, నా బెల్టు విప్పి అతని చేతికిచ్చి, చివరి రంధ్రమునకు అవతల మఱియొకటి వేయుమని యడిగితిని. అతడు ఆరె చేతబట్టుకొని, బెల్టును వెలుతురునకు త్రిప్పి చూచి, దాని కొసను బొటనవ్రేలితో తడిమి, "ఇంక తోలు లేదండి బాబూ. ఇదివరకు రెండు కన్నాలూ నేనే ఏసేనండి" అనెను. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. తన వృత్తి నెఱిగినవాడు తన చేతిలోని వస్తువును గూర్చి పలికిన సత్యము మాత్రమే కలదు. ఆ మాటతో నేను మాఱిపోయితినని చెప్పిన అతిశయోక్తి యగును; ఎంత దూరము వచ్చితినో నాకు కొలిచి చూపినది మాత్రము ఆ తోలుముక్కయే.

నేను 26 సంవత్సరములుగా ఒక ప్రభుత్వ కార్యాలయమున పింఛనుల విభాగములో లెక్కలు చూచుచున్నాను. చేరిన క్రొత్తలో మా పని కూర్చుండి చేయు పనియే యైనను, ఎంతోసేపు కూర్చుండనిచ్చు పని కాదు. దస్త్రముల కట్టలు క్రింది అంతస్తు రికార్డు గదిలో నుండెడివి. మా విభాగము రెండవ అంతస్తున నుండెడిది. నడుమ 44 మెట్లు. ఒక ఉద్యోగి సర్వీసు రిజిస్టరు కావలసి వచ్చినను, పాత జీతపు బిల్లు సరిచూడవలసి వచ్చినను, అటెండరు లేని వేళ మేమే దిగి, నిచ్చెన వేసికొని, దుమ్ము దులిపి, ముడి విప్పి కాగితము తీసి, మరల ముడి వేసి పైకెక్కి వచ్చెడివారము. ఇప్పుడు ఫైలు కంప్యూటరు తెరమీద ఒక బల్ల నుండి మఱియొక బల్లకు రెప్పపాటులో పోవుచున్నది. ప్రజలకు అది గొప్ప మేలు. ఒక వితంతువు పింఛను కాగితము నెలల తరబడి మూలబడియుండెడి దినములు మరల రాకూడదని కోరువారిలో నేనును ఒకడను. అయితే ఫైలు తనంతట తాను నడువ నేర్చిన నాటినుండి, దానిని మోసిన మనుష్యుడు నడచుట మానినాడు. ఉదయము 10.30 గంటలకు కూర్చున్నవాడు అన్నపు డబ్బా విప్పుటయు ఆ బల్లమీదనే, తేనీరు త్రాగుటయు ఆ కుర్చీలోనే. ఏటికొక కిలో చొప్పున పెరిగినను పదునైదేండ్లకు పదునైదు కిలోలగును. అది ఏ దినమున వచ్చి చేరినదో ఎవ్వరును చెప్పజాలరు.

తగ్గవలెనను కోరిక నాకు లేకపోలేదు. కోరిక వేఱు, కాళ్ళను కదలించు ఉత్సాహము వేఱు. ఈ రెండవదానికొఱకే నేను పెక్కు సంవత్సరములు వెదకితిని. మొదట భయము నాశ్రయించితిని: సహోద్యోగి యొకరికి గుండెనొప్పి వచ్చిన వెంటనే తెల్లవారుజామున గోదావరి గట్టుమీద నడువ నారంభించి, ఆయన కోలుకొని తిరిగి విధులలో చేరిన వారమునకే మానివేసితిని. పిదప లజ్జ నాశ్రయించితిని: మేనకోడలి పెండ్లిలో తీసిన ఫోటో చూచి రాత్రి భోజనము మాని, నాలుగవ రాత్రి ఆకలికి తాళలేక లేచి అటుకులు తిని, తింటినన్న లజ్జతో మఱునాడు మఱింత తింటిని. తరువాత ఒక ఉగాదికి శపథము చేసి బూట్లు కొంటిని. చైత్రము ముగియక మునుపే అవి మంచము క్రిందికి చేరినవి. ఈ మూడింటిలోను నాకు ఎక్కువ కీడు చేసినది లజ్జయే. ఏలయన అది మనుష్యుని తన శరీరమునకే శత్రువుగా నిలుపును, శత్రువును పోషించి సంరక్షించుటకు ఎవనికి మనసొప్పును?

ఆ బెల్టు సంగతి జరిగిన దినములలోనే బ్రిటిష్ వైద్యుడు జెర్రీ మోరిస్ చేసిన పరిశోధనను గూర్చి చదివితిని. అది 1953లో లాన్సెట్ పత్రికయందు ప్రకటింపబడినది. లండను నగరపు రెండంతస్తుల బస్సులలో డ్రైవరును కండక్టరును ఒకే సంస్థ కొలువులో నుండి, ఒకే బండిలో ఒకే దారిని దినమంతయు తిరిగెడివారు. డ్రైవరు కూర్చుండియే యుండెడివాడు, కండక్టరు దినమునకు సుమారు 500 మొదలు 750 మెట్ల వరకు ఎక్కెడివాడు. గుండెజబ్బు డ్రైవర్లకంటె కండక్టర్లకు తక్కువగా వచ్చుచున్నదనియు, వచ్చినను ఆలస్యముగా వచ్చి అంత తీవ్రముగా నుండుట లేదనియు మోరిస్ బృందము కనుగొన్నది. తపాలా శాఖలో ఉత్తరములు పంచు పోస్టుమాన్లను, బల్లల వెనుక కూర్చున్న గుమాస్తాలను పోల్చి చూడగా అక్కడను అదే తీరు కనబడినది. మూడేండ్ల తరువాత, 1956లో, వారు బస్సు సిబ్బందికి కుట్టించి యిచ్చు యూనిఫారముల కొలతలను పరిశీలించిరి. డ్రైవర్ల ప్యాంటుల నడుములు కండక్టర్లవానికంటె వెడల్పుగా నుండెను. దానికి కూర్చుండు పని యొక్కటే కారణమని చెప్పలేము గాని, దర్జీవాని కొలతలు సైతము వైద్యునికి సాక్ష్యము పలుకగలవని చదివినప్పుడు నాకు ఆ చెట్టు క్రింది వృద్ధుడును, అతడు తడిమి చూచిన తోలు కొసయు జ్ఞప్తికి వచ్చినవి.

అంతకంటె నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది వేఱొకటి కలదు. ఆ కండక్టరు తాను వ్యాయామము చేయుచున్నానని ఎన్నడును అనుకొనియుండడు. అతడు టిక్కెట్లిచ్చుచుండెను, మెట్లు ఆ పనిలో కలిసియుండెను. నేడు మెట్లెక్కుటకు ఉత్సాహమున్నదా యని ఉదయమున లేచి తన్ను తాను ప్రశ్నించుకొను అవసరము అతనికి లేకపోయెను.

ఒక శ్రావణమాసపు మధ్యాహ్నము మా కార్యాలయమున నెట్‌వర్కు ఆగిపోయినది. కుటుంబ పింఛనుకొఱకు వచ్చిన ఒక వృద్ధురాలు కౌంటరు ఎదుట బల్లమీద కూర్చుండియున్నది. ఆమె భర్త పాత సర్వీసు రిజిస్టరు కంప్యూటరులో నింకను ఎక్కలేదు. అటెండరు బ్యాంకునకు పోయియుండెను. నేనే లేచి దిగితిని. రికార్డు గదిలో పాత కాగితపు వాసన, చెదలమందు ఘాటు, మసిబారిన తాళ్ళ ముడులు, అట్టలమీద ఎప్పటివో గుమాస్తాల గుండ్రని అక్షరములు. కట్ట దొరికినది. దానిని చంకబెట్టుకొని పైకి వచ్చుచు, 44 మెట్లలో ముప్పదవ మెట్టు దాటునప్పటికి ఊపిరి అందక, మలుపు వద్ద గోడకు చేయి యానించి నిలిచితిని. అప్పుడే తిరిగి వచ్చిన అటెండరు క్రిందినుండి చూచి, "మీరెందుకండి సార్, ఫోను కొడితే నేను తెద్దును కదండి" అని కట్ట అందుకొనుటకు చేయి చాచెను. నేనియ్యలేదు. రెండు నిమిషములు నిలిచి, మిగిలిన మెట్లు ఎక్కితిని. భోజనానంతరము ప్రతిదినమును నన్ను ఆవరించు మాంద్యము ఆనాడు లేదు. నాలుగు గంటలలోపల ఆమె లెక్క తేల్చి పంపితిని. మఱునాడు మూడు గంటలకు ఏ దస్త్రముతోను పని లేకున్నను, నా కాళ్ళకు ఆ మెట్లు గుర్తుకు వచ్చినవి; నాటినుండి వానిని దిగి యెక్కుట అలవాటైనది.

అప్పుడు నాకు తెలిసినది ఇది: ఇంతకాలము ఉత్సాహమును నేను పెట్టుబడి యనుకొంటిని. అది చేతికి చిక్కిన పిమ్మటనే పని ఆరంభింపవలెనని నమ్మి, దానిని అప్పు తెచ్చుకొనుటకై భయము గుమ్మమునకును, లజ్జ గుమ్మమునకును తిరిగితిని. ఉత్సాహము పెట్టుబడి కాదు, జీతము. ఒకటవ తేదీన మా చేతికి వచ్చు సొమ్ము గడచిన నెల చేసిన పనికి వచ్చు ప్రతిఫలమే గదా! చేరిన దినముననే జీతము రాలేదని బల్ల విడిచిపోవు ఉద్యోగి లేడు. అయినను శరీరము విషయమున మనమందఱము ఆ పనియే చేయుచున్నాము. మొదటి నెల ఉత్సాహము లేకయే నడువవలెను. ఆ నెలకు కావలసినది సంకల్పబలము కంటె, కండక్టరునకు మెట్లవలె, చేయక తప్పని పనిలో కలిసిపోయిన చిన్న నడక.

లెక్కలు వ్రాయువాడను గనుక పద్దులు దాచకుండ చెప్పుదును. ఆ మెట్లవలన కరిగిన కొవ్వు స్వల్పము. దినమునకు మూడు పర్యాయములు ఎక్కినను లెక్కలో అది ఒక బిస్కట్టునకు సరిపోదు. మెట్లు నాకు తెచ్చినది జీతము. ఆ జీతముతో సాయంకాలము గోదావరి గట్టుమీద అరగంట నడక సాధ్యమైనది. తేనీటి పద్దు మఱింత పెద్దది. దినమునకు నాలుగు కప్పులు, కప్పునకు రెండు చెంచాల పంచదార. చెంచాకు 4 గ్రాముల చొప్పున 32 గ్రాములు, అనగా సుమారు 130 కేలరీలు. నావంటి శరీరము అరగంట నడచి ఖర్చు చేయునది ఇంచుమించు అంతయే. కిలో కొవ్వున కలది సుమారు 7,700 కేలరీలు గనుక, ఆ పంచదార యొక్కటి మానినచో కాగితముమీద ఏడాదికి ఆరు కిలోలు తగ్గవలెను. శరీరము అంత సులభముగా లెక్కకు లొంగదు. బరువు తగ్గిన కొలది తన ఖర్చును తానే తగ్గించుకొని పొదుపు చేయును. అందుచే తూకపు ముల్లు కదలుట లేదని నిరాశ చెందువారు చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందము జరిపి 2006లో ప్రకటించిన పరిశోధనను తెలిసికొనుట మంచిది. మధుమేహపు అంచున నున్నవారు మూడేండ్లు ఆహారమును, నడకను సరిదిద్దుకొనగా, మధుమేహము సోకు అవకాశము 28.5 శాతము తగ్గినది. అయినను వారి బరువు చెప్పుకొనదగినంత తగ్గలేదు. తూకపు యంత్రము చూపని జమ మఱియొక పుస్తకములో పడుచునే యుండునని దీని భావము. మనవారికి నడుము కొలత తూకముకంటె మంచి సాక్షి. పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 దాటరాదని వైద్యులు చెప్పుచున్నారు. ఏలయన సన్నని కాళ్ళు చేతులు గలవారికి సైతము పొట్టలో కొవ్వు చేరుట మన దేశీయులలో సామాన్యము.

చరకసంహిత సూత్రస్థానమున అష్టౌనిందితీయ మను అధ్యాయమొకటి కలదు. లోకము నిందించు ఎనిమిది విధముల శరీరములను అందు పేర్కొని, వానిలో అతిస్థూలుని, అతికృశుని విశేషముగా చర్చించినారు. అధ్యాయము పేరు నిందతో కూడినదైనను ఆచార్యుడు రోగిని నిందింపలేదు. మేదస్సు మార్గములను అడ్డగింపగా వాయువు కోష్ఠముననే సంచరించి జఠరాగ్నిని రగిల్చుననియు, అందుచే తిన్నది త్వరగా జీర్ణమై మరల ఆకలి పుట్టుననియు వివరించి, అధికమైన ఆకలిని ఆ స్థితికి గల లక్షణములలో నొకటిగా లెక్కించెను. అర్ధరాత్రి అటుకులు తిని లజ్జపడినవానికి ఇంతకంటె దయగల మాట వేఱొకటి యుండునా? చికిత్స చెప్పునప్పుడు సైతము వ్యాయామమును, చింతనను క్రమక్రమముగా పెంచుకొనవలెనని యుపదేశించెను. నేను పంచదార మానినది ఆ క్రమముననే: నెలకు అర చెంచా చొప్పున తగ్గించితిని, నాలుగు నెలలకు నాలుక కూడ మాఱిపోయినది.

ఇప్పటి నా పద్ధతి చిన్నది. ఫోను మ్రోగినచో లేచి నిలిచి మాటలాడుదును. ప్రక్క విభాగమువారితో పని యున్నచో సందేశము పంపక నడచిపోయి అడుగుదును. మధ్యాహ్నము డబ్బాలో అన్నమును ఒక గరిటె తగ్గించి, కూరయు పప్పును పెంచితిమి. మా యింటిలో ఈ మార్పు అందఱకును వచ్చినది గనుక నా కంచము వేఱుగా కనబడదు. వారమునకు 150 నిమిషములైనను ఒక మోస్తరు శారీరక శ్రమ చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినది; అయిదు సాయంకాలముల అరగంట చురుకైన నడకతో అది తీరును. గడచిన మార్చి నెలాఖరున బిల్లుల ఒత్తిడిలో రెండు వారములు ఇవేవియు సాగలేదు. రాత్రి తొమ్మిదింటి వరకు బల్లవద్దనే యుండి, ఎవరేది తెప్పించిన అది తింటిమి. ఒక కిలో తిరిగి వచ్చినది. శపథముల కాలమున నైనచో అంతటితో కథ ముగిసెడిది. ఈసారి భగ్నమగుటకు శపథము లేదు. ఏప్రిల్ మొదటి సోమవారము మూడు గంటలకు మెట్లు దిగితిని. ఈ ఏడాదిన్నరలో 84 కిలోలనుండి 77 కిలోలకు, నడుము 104 సెంటీమీటర్ల నుండి 97కు వచ్చితిని. ఇంకను పోవలసిన దారి యున్నది. దానిని గూర్చి నాకు తొందర లేదు.

ఈ అభ్యాసము నాకు ఇచ్చినదానిలో మిక్కిలి విలువైనది నేను కోరనిది. పింఛనుదారులు ఏటేట తాము జీవించియున్నట్లు ధ్రువపత్రము ఇచ్చుటకు మా కార్యాలయమునకు వత్తురు. ఎనుబదేండ్లవారు కఱ్ఱ ఊతతో రెండంతస్తులెక్కి వచ్చి కౌంటరు ఎదుట నిలుచుండగా, నేను కుర్చీలోనుండియే చేయి చాచి కాగితము పుచ్చుకొనుట పెక్కేండ్ల అలవాటు. లేచుట అలవడిన పిదప, వారు కనబడినంతనే నా దేహము నన్నడుగకయే లేచుచున్నది. మొన్న ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, నేను లేచి ఎదురు వెళ్ళుట చూచి తడబడి, "కూర్చోండి బాబూ, కూర్చోండి" అనినారు. "పొద్దున్నించీ కూర్చునే ఉన్నానండి మాస్టారూ, మీరు కూర్చోండి" అని నా కుర్చీ ఆయనవైపు జరిపి, ఆయన కాగితము తీసికొని క్రింది అంతస్తునకు నడచితిని.