ఒకే కారు, పెక్కు ముఖములు

ఒక కర్మాగారమున, ఒకే ఉక్కు అచ్చులనుండి, ఒకే వారములో వెలువడిన రెండు మోటారుకార్లు, ఒకటి లాస్ ఏంజెలెస్‌కును మరియొకటి హాంబర్గునకును చేరునప్పటికి భిన్నములుగా కనబడుట 1950, 60 దశకములలో సర్వసాధారణ విషయము. ఉక్కురేకును అదిమి తలుపులుగా, పైకప్పుగా తీర్చు అచ్చులు మిక్కిలి వ్యయముతో కూడినవి; వానిని దేశమునకొక తీరున మార్చుట ఏ సంస్థకును గిట్టుబాటు కాదు. కావున మరలతోను, పిన్నులతోను బిగించి ఊడదీయ వీలైన వస్తువులయందే, అనగా ముందుదీపములు, బంపర్లు, జాలీ, క్రోమియము పట్టీలు, పేరు ముద్రలయందే దేశదేశముల భేదము చోటుచేసికొన్నది. పాతకార్ల అభిమానులు సైతము వీనిని పైపై అలంకారములని తలచి తేలికగా చూచుట నాకు బాధ కలిగించును; ఏలయన ఒక దేశపు శాసనము, సుంకము, అభిరుచి ఆ కారుపై నిలిచియున్నది ఆ చిన్న వస్తువులయందే.

దీపముల సంగతి చూడుడు. అమెరికాలో 1940 మొదలు 1983 వరకు కొన్ని నిర్ణీతాకృతుల సీల్డ్‌బీమ్ దీపములు తప్ప వేరొకటి చెల్లలేదు. గాజు, దర్పణము, తంతువు విడదీయరాని ఒక్క ముద్దగా మూయబడిన యీ దీపము, ఏ మారుమూల దుకాణమునందైనను సులభముగా దొరకవలెననునది ఆ నిబంధన వెనుకనున్న సదుద్దేశము. ఐరోపా శిల్పులకు మాత్రము అది సంకటమే యయ్యెను. మెర్సిడెస్ సంస్థవారు 1959 తరువాతి పెద్ద కార్లలో నిలువైన ఒక్క గాజుపలక వెనుక దీపములన్నిటిని ఇమిడ్చిరి. అమెరికాకు పోవు కార్లలో ఆ పలక తొలగి, గుండ్రని దీపములు ఒకదాని క్రింద నొకటి విడివిడిగా నిలిచినవి. సిట్రోయన్ డి.ఎస్. కారునకు 1967లో గాజుమూత వెనుక, స్టీరింగు త్రిప్పిన దిక్కునకు తామును తిరుగు దీపములు అమరినవి. మలుపుల దారిలో రాత్రివేళ అంతకంటె ఉపకారి మరియొకటి యుండదు. అమెరికా డి.ఎస్.కు ఆ గాజుమూతయు లేదు, ఆ తిరుగుటయు లేదు. జాగ్వార్ ఇ-టైప్ వృత్తాంతము మరింత విచారకరము. అమెరికా నిబంధనల నిమిత్తమై 1967లో దాని దీపములపై గాజుమూతలు తీసివేయగా, విపణులలో అమెరికాయే పెద్దది కావున, ఇంగ్లండులో అమ్మిన కార్లు సైతము ఆ మూతలను కోల్పోయెను. ఫ్రాన్సువారు తమవంతుగా 1930 దశకపు చివరినుండి 1993 వరకు పసుపు కాంతినే విధించిరి.

కారు ఏ దేశమునకు పోయినదో గుర్తుపట్టు విద్య నేర్వగోరువారికి నేను మొదట చూపునది వోక్స్‌వాగన్ బీటిల్. దాని కర్మాగారమువారు 1949 జూలైలో ‘ఎక్స్‌పోర్ట్’ అను మేలుతరపు నమూనాను వెలువరించిరి. నిగనిగలాడు రంగు, క్రోమియము పూసిన బంపర్లు, మెరయు చక్రపు మూతలు దాని లక్షణములు. మరుసటి సంవత్సరమునుండి హైడ్రాలిక్ బ్రేకులును దానికి లభించినవి. సాదా నమూనా మాత్రము తీగతో లాగు బ్రేకులతోనే చాలకాలము సరిపెట్టుకొన్నది. పేరునకు ఎగుమతిదైనను స్వదేశమునందును ఆ మేలుతరపు కారును కొనువారు కొల్లలు. అటుపిమ్మట అసలైన దేశభేదము కనబడినది. 1955 నమూనానుండి అమెరికా కార్ల ముందు మడ్‌గార్డులపై మిణుకు ఇండికేటర్లు వెలసినవి; జర్మనీలో 1960 వరకు తలుపు వెనుక స్తంభమునుండి, బండివాడు చేయి చాచినట్లు, లేచి నిలుచు సూచికలే కొనసాగినవి. పెద్ద బంపర్ల కార్ల నడుమ నిలుపవలసిన అమెరికా కారునకు బంపరుపై అదనపు గొట్టపుకమ్మి అమర్చిరి. 1960 దశకమున ఐరోపా కారు వెనుక నారింజరంగు మలుపుదీపము వెలుగగా, అమెరికా కారు వెనుక అంతయు ఎరుపే. ఈ గుర్తులు తెలిసినవాడు ఛాయాచిత్రమును చూచి బీటిల్ ఏ ఖండమునకు పోయినదో చెప్పగలడు.

ముద్రపై అంకె మారుటకు పన్ను సైతము కారణమగును. ఇంగ్లండు ప్రభుత్వము 1915లో దిగుమతి కార్లపై మూడవవంతు సుంకము విధించినందున, దానిని తప్పించుకొనుటకు సిట్రోయన్ సంస్థవారు 1926లో స్లౌ పట్టణమున కర్మాగారము తెరచి, స్థానికముగా దొరకు వస్తువులు విరివిగా వాడిరి. ఫ్రాన్సులో ‘11’ అను అంకెతో అమ్మిన ట్రాక్షన్ అవాంట్, అచ్చట తోలు ఆసనములతో, చెక్క డాష్‌బోర్డుతో, లూకస్ విద్యుత్పరికరములతో, ‘లైట్ ఫిఫ్టీన్’ అను పేరుతో వెలువడినది. ఇంజను మారలేదు, ఇంగ్లండువారు సిలిండరు వ్యాసమును బట్టి అశ్వశక్తిని గణించి పన్ను వేయుటచే, పదకొండు పదునైదైనది.

మన దేశమునకు సంబంధించిన ఉదాహరణము చెన్నపట్టణపు హెరాల్డ్. ఇటలీ శిల్పి మికెలోట్టి రూపకల్పనతో 1959లో ఇంగ్లండున ‘ట్రయంఫ్ హెరాల్డ్’ అను పేర వెలువడిన యీ కారు, 1961 మొదలు మద్రాసులో ‘స్టాండర్డ్ హెరాల్డ్’ అయినది. ట్రయంఫ్ స్పోర్ట్సుకార్లు అమెరికాలో గడించిన కీర్తి వలన, ఈ రెండు ముద్రలును తమవిగా గల ఇంగ్లండు మాతృసంస్థవారు స్టాండర్డ్ టెన్ అను కారును సైతము అచ్చట ట్రయంఫ్ ముద్రతోనే అమ్మిరి. 1963లో ఇంగ్లండునందే స్టాండర్డ్ కార్లు అంతరించెను. మన దేశమున ఆ నామము 1980 దశకము వరకు జీవించినది. నాలుగు తలుపుల హెరాల్డ్ మన మద్రాసులోనే పుట్టినది. ఇట్టి కారుపై స్టాండర్డ్ ముద్రను ఊడదీసి, విదేశమునుండి తెప్పించిన ట్రయంఫ్ ముద్రను బిగించి, బండికి అసలు రూపము వచ్చినదని సంతోషించుట చరిత్రకు చేయు అపచారము. దాని అసలు రూపము మద్రాసుదే.

ఆ రూపమును నిలుపుటకు తొందరపాటు పనికిరాదు. ముద్రలు సాధారణముగా జింకు మిశ్రమమును అచ్చులో పోసి, దానిపై రాగి, నికెల్, క్రోమియము వరుసగా పూసినవి. తేమ సోకి బొబ్బలెక్కిన ముద్రను పూతకిచ్చునప్పుడు అధికముగా సానబెట్టినచో అక్షరముల అంచులు మొద్దువారును. రంగు గీకించిన పిదప బయటపడు పిన్నుల రంధ్రములను కొలిచి, ఛాయాచిత్రము తీయించి, అటుపిమ్మటనే పూడ్చుటయా, మానుటయా నిర్ణయింపవలెను; ఏ ముద్ర ఎచ్చట నుండెనో చెప్పు సాక్ష్యము పెక్కుమార్లు అవియే. ఇంగ్లండు కార్ల విషయమున గేడన్ గ్రామములోని బ్రిటిష్ మోటారు మ్యూజియమువారు, కర్మాగారపు దస్త్రములు మిగిలియున్న కార్లకు, తొలి రంగును, పంపిన దేశమును తెలుపు ధ్రువపత్రము నిచ్చుచున్నారు. ముద్రలకు ఆర్డరు పెట్టుటకు పూర్వమే దానిని తెప్పించుకొనుట మేలు.