చెవిపోగు ఆవుకి, మెడపట్టీ కుక్కకి

మా వీధిలో లాబ్రడార్‌ను సాకే పిల్లోడు "కుక్కకి ఇన్సూరెన్సు కట్టేదా, వద్దా సార్?" అని అడిగితే, నాకు పలమనేరు పక్క పాడిరైతులు గుర్తొచ్చినారు. ఈ లెక్క వాళ్లకు తెలిసినంతగా ఏజెంట్లకు కూడా తెలీదు.

రెండు జెర్సీ ఆవులున్న ఇంట్లో ఒకటి పోతే పాలబిల్లు సగమైపోతుంది. దాన్ని కొన్న అప్పు మాత్రం అట్లే ఉంటుంది. అరవై వేల ఆవుకు ప్రీమియం నూటికి నాలుగనుకున్నా 2,400 రూపాయలు. జాతీయ పశుసంపద మిషన్ కింద రైతు వాటాను 2024లో కేంద్రం 15 శాతానికి తగ్గించింది. ఆ లెక్కన చేతినుంచి పోయేది 360. దీనికి ఆలోచించాల్సిన పనే లేదు.

ఆలోచించాల్సింది కట్టిన తర్వాత. పొదుగువాపు ఇంజెక్షన్లకు ఈ బీమా పైసా ఇవ్వదు, ఆవు చస్తేనే ఇస్తుంది. అదీ చెవిపోగు ఉంటేనే. పోగు ఊడిందంటే ఆరోజే పశువుల డాక్టరు దగ్గరికి పోయి కొత్తది వేయించి, ఆ నంబరు కంపెనీకి తెలపాలి. పోస్టుమార్టం కాకముందే పూడ్చిపెడితే డబ్బుల మీద ఆశ వదులుకోవాల్సిందే.

కుక్క పోతే ఏడుస్తాం, ఇల్లు మాత్రం గడుస్తుంది. కాబట్టి కుక్క పాలసీలో చావుకిచ్చే సొమ్మును నేను లెక్కలోకే తీసుకోను. చూడాల్సింది వైద్యం ఖర్చు. అక్కడేమో టీకాల ఖర్చు మామూలుగా ఇవ్వరు, పాత జబ్బులు ఒప్పుకోరు, వయసు మీరిన కుక్కను కొత్తగా చేర్చుకోరు. రోగాలు ముదిరే వయసుకే తలుపేస్తారన్నమాట! తిరుపతిలో 1955 నుంచి వెటర్నరీ కాలేజీ ఉంది, దాని ఆసుపత్రీ ఊళ్లోనే ఉంది. ఆ పిల్లోడు బెంగళూరులో ఉండుంటే వేరే మాట చెప్పేవాణ్ణేమో. ఇక్కడైతే ఆ ప్రీమియం నెలనెలా పోస్టాఫీసులో వేసుకోమన్నాను. ఒక్కటి మాత్రం కొనదగిందే: కుక్క ఎవరినన్నా కరిస్తే మనమీద పడే పరిహారాన్ని భరించే భాగం. పొద్దున్నే పాలు, పేపర్లు వేసేవాళ్లు తిరిగే సందుల్లో అది ఉత్తమాట కాదు.

నాకు తెగనిది పుంగనూరు పొట్టి ఆవు సంగతే. ఇప్పుడు దాన్ని పాలకోసం కాదు, ముచ్చటకు కొంటున్నారు, లక్షలు పోసి. పశుబీమాలో విలువ కట్టేటప్పుడు పాల దిగుబడినీ చూస్తారు. పూటకు లీటరో రెండో ఇచ్చే ఆవుకు మీరు పెట్టిన ధరను కంపెనీ ఒప్పుకుంటుందా? ఎంత విలువ రాస్తారో ముందు కాగితం మీద చూసుకుని, ఆ తర్వాతే పోగు వేయించండి.