రాతి పలకలూ, న్యాయపీఠాలూ: పది ఆజ్ఞల ప్రదర్శనపై క్రైస్తవ వాదాల విమర్శ

అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని న్యాయస్థానాలలో, శాసనసభా ప్రాంగణాలలో, ప్రభుత్వ పాఠశాలలలో పది ఆజ్ఞలను ప్రదర్శించవచ్చునా, కూడదా అనే వివాదం నలభై ఏళ్లకు పైబడి సాగుతోంది. దీనిని సాధారణంగా మతాభిమానులకూ నాస్తికులకూ మధ్య జరిగే తగాదాగా చిత్రిస్తుంటారు. ఆ చిత్రణ సరియైనది కాదు. ప్రదర్శన కావాలని కోరేవారు క్రైస్తవులైనట్లే, దానిని వ్యతిరేకించి కోర్టుకెక్కిన వారిలోనూ క్రైస్తవులున్నారు. వారిలో బోధకులు సైతం ఉన్నారు. ఇరుపక్షాలవారూ ఒకే గ్రంథాన్ని చేతబట్టుకొని వాదిస్తున్నారు. తౌరాత్ దైవావతరణమని విశ్వసించే మనకు ఈ వివాదం పూర్తిగా పరాయిది కాదు. పైగా 2005లో అక్కడి సుప్రీం కోర్టు న్యాయమూర్తి ఒకరు ముస్లిములను కూడా ప్రదర్శన పక్షాన సాక్షులుగా నిలబెట్టారు. కనుక ఉభయుల వాదాలనూ పరిశీలించి, ఆ సాక్ష్యానికి మనం సమ్మతించవచ్చునో లేదో తేల్చుకోవలసి ఉంది.

పూర్వరంగం

ప్రభుత్వ స్థలాలలో నేడు కనిపించే శిలలలో చాలా వాటికి మూలం ఒక సేవాసంఘం. మిన్నెసోటా రాష్ట్రానికి చెందిన న్యాయమూర్తి ఇ. జె. రూగెమర్ ప్రేరణతో ‘ఫ్రాటర్నల్ ఆర్డర్ ఆఫ్ ఈగల్స్’ అనే సంఘం బాలనేరస్థుల సంస్కరణ నిమిత్తం పది ఆజ్ఞల ప్రతులను పంచిపెట్టడం ప్రారంభించింది. 1956లో సెసిల్ డిమిల్ తీసిన ‘టెన్ కమాండ్‌మెంట్స్’ సినిమా ప్రచారంతో ఆ కార్యక్రమం గ్రానైట్ శిలల రూపం దాల్చింది. టెక్సాస్ రాజధాని ఆస్టిన్‌లో శాసనసభా ప్రాంగణంలోని శిల 1961లో ఆ సంఘం బహూకరించినదే.

1980లో కెంటకీ రాష్ట్రం ప్రతి తరగతి గదిలో పది ఆజ్ఞలు వ్రేలాడదీయాలని చేసిన శాసనాన్ని సుప్రీం కోర్టు కొట్టివేసింది. 2005 జూన్ 27న ఒకే రోజున రెండు తీర్పులు వెలువడ్డాయి. కెంటకీ కోర్టు భవనాలలోని ప్రతులు చెల్లవని ఒకటి, టెక్సాస్ శిల ఉండవచ్చునని మరొకటి. రెండింటిలోనూ అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు. 2024 జూన్‌లో లూసియానా రాష్ట్రం మళ్లీ తరగతి గదులకే ఈ ఆజ్ఞలను తెచ్చింది. అదే ఏడు నవంబరులో జిల్లా న్యాయస్థానం, 2025 జూన్‌లో ముగ్గురు న్యాయమూర్తుల అప్పీలు ధర్మాసనం ఆ శాసనాన్ని తప్పుపట్టాయి. ఆ పిమ్మట వ్యాజ్యం పూర్తి ధర్మాసనం ముందుకు పోయింది.

ప్రదర్శన కోరేవారి వాదం

వీరి వాదంలో బలం లేకపోలేదు. చట్టానికి మనిషి ఇష్టాయిష్టాలకు మించిన ఆధారం ఉండాలని, పాలకుడు కూడా ఒక పైశాసనానికి బద్ధుడని వారంటారు. ఈ మూలసూత్రాన్ని ఏ ముస్లిమూ కాదనజాలడు. ఐతే కోర్టుకు వెళ్లేసరికి ఈ వాదం రూపు మారిపోతుంది. అమెరికా రాజ్యాంగం ప్రభుత్వం మతాన్ని నెలకొల్పరాదంటుంది కాబట్టి, ఈ ఆజ్ఞలు కేవలం చరిత్రకు, సంస్కృతికి, చట్టాల పుట్టుకకు గుర్తులని న్యాయవాదులు నచ్చజెప్పవలసి వస్తుంది. టెక్సాస్ శిల నిలవడానికి కారణమైన న్యాయమూర్తి బ్రయర్ అభిప్రాయం చూడండి: అది నలభై ఏళ్లుగా ఏ అభ్యంతరమూ లేకుండా ఇతర స్మారకాల మధ్య నిలిచి ఉంది, దానిలో మతసందేశంతోబాటు లౌకిక సందేశమూ ప్రముఖంగా ఉంది, కాబట్టి ఉండనివ్వవచ్చు. అనగా, అల్లాహ్ ఆజ్ఞను ఎవరూ ఆజ్ఞగా తీసుకోనందువల్లనే అది అక్కడ నిలిచింది! “నేనే నీ ప్రభువును” అని ప్రారంభమయ్యే శాసనాన్ని తోటలోని పాత విగ్రహాల సరసన చేర్చి గెలిచిన గెలుపు ఎవరి గెలుపు?

పాఠం విషయంలోనూ ఇదే జరిగింది. కాథలిక్కులు, లూథరన్లు ఆజ్ఞలను లెక్కించే పద్ధతి ఒకటి, ఇతర ప్రొటెస్టెంట్లది మరొకటి, యూదులది ఇంకొకటి. విగ్రహ నిషేధం ప్రత్యేకమైన ఆజ్ఞయా, లేక మొదటి ఆజ్ఞలో భాగమా అనేది వారి మధ్య చిన్న భేదం కాదు. ఈగల్స్ సంఘంవారు ముగ్గురికీ నచ్చే పాఠం సిద్ధం చేయించి, అంకెలు వేయకుండా వదిలివేశారు. లూసియానా శాసనసభ 2024లో ఆ రాజీ పాఠాన్నే పదకొండు అంగుళాల వెడల్పు, పద్నాలుగు అంగుళాల ఎత్తుకు తగ్గకుండా ప్రతి గదిలో పెట్టమంది. దైవవాక్కులో ఏ మాటలుండాలో సేవాసంఘం తేల్చగా, ఏ కొలతలో ఉండాలో శాసనసభ తేల్చిందన్నమాట.

అలబామా ఉదంతం

ఈ లౌకిక ముసుగు వేసుకోనివాడు ఒకడున్నాడు. అతడు అలబామా రాష్ట్ర ప్రధాన న్యాయమూర్తి రాయ్ మూర్. 2001 జులై 31 రాత్రి మాంట్‌గోమరీలోని న్యాయభవనపు మధ్యమండపంలో 5,280 పౌన్ల గ్రానైట్ శిలను అతడు ప్రతిష్ఠించాడు. పరిశుద్ధ గ్రంథాల దేవుని సార్వభౌమత్వాన్ని గుర్తించడమే తన ఉద్దేశమని కోర్టులో దాచకుండా చెప్పాడు. తొలగించమన్న ఉత్తర్వును పాటించనందుకు 2003 నవంబరులో పదవి పోగొట్టుకున్నాడు. మాటకు కట్టుబడి నష్టపోయినవాడని అతని నిజాయితీని మెచ్చుకోవచ్చు.

కాని అదే వ్యాజ్యంలో బయటపడిన మరొక సంగతి ఉంది. మార్టిన్ లూథర్ కింగ్ సుప్రసిద్ధ ప్రసంగాన్ని కూడా ఆ మండపంలో ఉంచనివ్వమని ఒక నల్లజాతి శాసనసభ్యుడు కోరగా మూర్ నిరాకరించాడు. దైవశాసనం సరసన మానవుని మాట ఉంచడం తగదన్నాడు. తరువాత కింగ్ వాక్యాలు, ఫ్రెడరిక్ డగ్లస్ వాక్యాలు గల ఒక చిన్న ఫలకం పెట్టించాడన్నది కూడా చెప్పడం న్యాయం. ఐనా ఆలోచించండి. ఆ న్యాయభవనం ఉన్నది డెక్స్టర్ అవెన్యూ మీద. అదే వీధిలో కింగ్ 1954 నుండి 1960 దాకా బాప్టిస్టు పాస్టరుగా పనిచేసిన చర్చి ఉంది. 1955-56లో 381 రోజుల బస్సు బహిష్కరణకు అతడు నాయకత్వం వహించింది అక్కడినుండే. ప్రభుత్వ గోడమీద ఆజ్ఞలు వ్రాయమని అతడు ఉద్యమించలేదు. బస్సులో, బడిలో, ఓటులో న్యాయం చేయమని అడిగాడు. దైవశాసనం ఎవరి చేతిలో బ్రతికిందో పాఠకులే నిర్ణయించగలరు.

వ్యతిరేకించే క్రైస్తవులు

ఈ పక్షంలో బాప్టిస్టు సంప్రదాయం ముఖ్యమైనది. రోడ్ ఐలండ్‌ను స్థాపించిన రోజర్ విలియమ్స్ పదిహేడవ శతాబ్దంలోనే రాజ్యం చెయ్యి తగిలితే చర్చి చెడుతుందని హెచ్చరించాడు. రాజ్యానికీ మతానికీ మధ్య గోడ ఉండాలని జెఫర్సన్ 1802లో వ్రాసిన ప్రఖ్యాతమైన లేఖ డాన్‌బరీ బాప్టిస్టులకు వ్రాసినదే. ఓక్లహామా శాసనసభ వద్ద 2012లో నెలకొల్పిన శిలపై దావా వేసినవారిలో మొదటివాడు ఒక బాప్టిస్టు బోధకుడు. 2015లో ఆ రాష్ట్ర సుప్రీం కోర్టు దానిని తీయించింది. లూసియానాలో దావా వేసిన తల్లిదండ్రులలో ఒక ప్రెస్బిటేరియన్ బోధకుడున్నాడు. తన పిల్లలకు ధర్మం నేర్పే బాధ్యత తనదీ తన సంఘానిదీగాని ప్రభుత్వానిది కాదని ఇటువంటివారి వాదం. మరి కొందరు వేదాంత కారణం చూపుతారు: రాతిమీది అక్షరంకంటె హృదయంమీది అక్షరం మిన్న అని పౌలు బోధ. లూథర్ 1525లోనే, మూసా శాసనం యూదులకిచ్చినదని, సహజధర్మంతో ఏకీభవించినంత మేరకే ఇతరులకు వర్తిస్తుందని వ్రాశాడు.

వీరి మొదటి కారణం దృఢమైనది. రెండవది మనకు పూర్తిగా రుచించదు. శాసనం హృదయానికే పరిమితమైతే అంగడిలో తూనికరాయిని, కోర్టులో సాక్షిని సరిదిద్దేదేమిటి? ఇస్లాం దృష్టిలో షరీఅత్ హృదయంలో మొదలై ఆచరణలో పూర్తి కావాలి. ఈ లోపం వారి వాదంలో ఉన్నది. కాని ప్రదర్శనవాదుల శాసనమూ ఆచరణకు చేరలేదు. హృదయానికీ చేరక గోడ దగ్గరే ఆగిపోయింది.

ముస్లిముల పేరిట సాక్ష్యం

2005 నాటి కెంటకీ వ్యాజ్యంలో న్యాయమూర్తి స్కాలియా తన అసమ్మతి తీర్పులో, క్రైస్తవ, యూద, ఇస్లాం మతస్థులు కలిసి అమెరికా విశ్వాసులలో 97.7 శాతమని, పది ఆజ్ఞలు దైవం మూసాకు ఇచ్చినవని వీరందరూ నమ్ముతారని వ్రాశాడు. బహుదేవతారాధకులను, నాస్తికులను ఈ విషయంలో ప్రభుత్వం లెక్కచేయనక్కరలేదని కూడా అన్నాడు.

ఇందులో రెండు పొరపాట్లున్నాయి. మొదటిది విశ్వాసపరమైనది. హజ్రత్ మూసా (అలైహిస్సలాం)కు పలకలు ప్రసాదించబడినవని దివ్యఖుర్ఆన్ (7:145) చెబుతున్నది, నిజమే. అన్‌ఆమ్ సూరా (6:151-153), బనీ ఇస్రాయీల్ సూరా (17:22-39)లలోని ఆదేశాలు ఆ ఆజ్ఞలకు ఎంతో సన్నిహితంగా ఉన్నాయి. కాని వాటిలో సబ్త్ లేదు. అది విభేదించుకున్నవారిపై విధించబడినదని ఖుర్ఆన్ (16:124) వచనం. ఏడవనాడు దేవుడు విశ్రమించాడని నిర్గమకాండం చెప్పే కారణాన్ని ఖుర్ఆన్ (50:38) ఒప్పుకోదు. ఆయనకు అలసట లేదు. ఇక ఖుర్ఆన్ అదనంగా చెప్పేవి అనాథల ఆస్తి, సరియైన తూనిక, బంధువుకు వ్యతిరేకమైనా న్యాయమైన మాట. శిలమీది పాఠాన్ని మన షరీఅత్‌గా చూపడం పొరపాటు.

రెండవది న్యాయపరమైనది. పంక్తిలో కూర్చోబెట్టేవాడు లేవదీయనూ గలడు. పందొమ్మిదవ శతాబ్దంలో జోసెఫ్ స్టోరీ అనే న్యాయమూర్తి, ఇస్లాంను, యూదమతాన్ని ప్రోత్సహించడం ఆ రాజ్యాంగ సవరణ ఉద్దేశం కాదని తన వ్యాఖ్యానంలో వ్రాసి ఉన్నాడు. ఒక కాలంలో వెలుపల ఉంచినవారిని మరొక కాలంలో లోపలికి పిలిచారు. లెక్కలోకి రానివారి హక్కును లెక్కచేయనక్కరలేదనే సూత్రాన్ని, అల్పసంఖ్యాకులుగా జీవించే మనవంటివారు ఏ దేశంలోనూ ఆమోదించలేరు.

తీర్పు

తౌరాత్ భారం మోపబడీ దానిని మోయనివారిని గ్రంథాలు మోసే గాడిదతో పోల్చింది జుముఅ సూరా (62:5). ఇది క్రైస్తవులను ఎత్తిపొడవడానికి మాత్రమే కాదు. మన దుకాణాలలో, కార్యాలయాలలో ఆయతుల్ కుర్సీ చట్రం క్రిందనే తప్పుడు లెక్కలు సాగడం లేదా? ఉన్నత వంశపు మఖ్జూమీ స్త్రీ దొంగతనం చేసినప్పుడు సిఫారసుకు వచ్చినవారితో దైవప్రవక్త (సఅసం), గొప్పవారిని విడిచి బలహీనులను శిక్షించినందువల్లనే పూర్వపు జాతులు నశించాయని హెచ్చరించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్న ఈ హదీసే కొలబద్ద. న్యాయస్థానపు గోడమీద ఏమి వ్రాసి ఉందన్నది తరువాతి మాట. దాని క్రింద నిలబడిన బీదవానికీ ధనవంతునికీ, తనవానికీ పరాయివానికీ ఒకే తీర్పు దొరుకుతున్నదా అన్నదే మొదటి ప్రశ్న. దానికి ఔనని చెప్పగల న్యాయపీఠానికి శిల అవసరం లేదు. చెప్పలేనిదానికి శిల సాక్షిగా నిలుస్తుంది, అదీ దానికి వ్యతిరేకంగానే.