మొదటి వాక్యం ఇచ్చిన మాట

ఆవు మీద వ్యాసం వ్రాయకుండా బడి దాటి వచ్చినవాళ్ళు మనలో తక్కువ. 'ఆవు సాధు జంతువు' అని మొదలుపెట్టేవాళ్ళం. చక్కటి వాక్యమే! తరవాత ఏం వ్రాసేవాళ్ళం? దానికి నాలుగు కాళ్ళు, రెండు కొమ్ములు, ఒక తోక ఉంటాయని. నాలుగు కాళ్ళు పులికీ ఉన్నాయి గదా! సాధుత్వం గురించి చెబుతామని మాట ఇచ్చి, కాళ్ళూ తోకా లెక్కపెట్టి చేతులు దులుపుకున్నాం. మార్కులు మాత్రం పడ్డాయి. అందుకే కాబోలు, పెద్దయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు.

పేరాకు ఎత్తుగడ వాక్యం శుభలేఖ లాంటిది. పెళ్ళి ఎవరిదో, ఎక్కడో అందులో ఉండాలి. 'వివాహబంధం పవిత్రమైనది' అని మాత్రం అచ్చువేసి పంపితే చుట్టాలు ఏ ఊరి బస్సు ఎక్కుతారు?

ఈ మధ్య ఒక మహిళామండలివారు వరకట్నం మీద వ్యాసాల పోటీ పెట్టి, చూసిపెట్టమని కాగితాలు నాకు పంపారు. సగానికి పైగా 'వరకట్నం మన సమాజాన్ని పట్టి పీడిస్తున్న మహమ్మారి' అనే ధోరణిలోనే మొదలయ్యాయి. ఈ మాట కాదనేదెవరు? కట్నం పుచ్చుకున్న మామగారు కూడా తల ఊపుతారు. ఎవరూ కాదనని వాక్యం తరవాత నిరూపించవలసిందేమీ ఉండదు. అందుకే రెండో వాక్యం నుంచి పేరా దారి తప్పి, కాసేపు వేదకాలానికీ, కాసేపు సినిమాలకూ తిరిగి వస్తుంది.

ఒకావిడ మాత్రం ఇలా ఎత్తుకున్నారు: '1961లో చట్టం వచ్చాక కట్నం పోలేదు, పేరు మార్చుకుంది.' చూడండి, ఈ వాక్యం వ్రాసినావిడనే కట్టిపడేసింది. ఏయే పేర్లు పెట్టుకుందో ఇక చెప్పి తీరాలి. చెప్పారు కూడా. లాంఛనాలు, ఆడపడుచు కట్నం, అల్లుడికి కారు, 'మీ అమ్మాయికి మీరు పెట్టుకునేదేగా' అనే బంగారం... ప్రతి వాక్యమూ మొదటిదాని బాకీ తీరుస్తూ నడిచింది. 'ఇష్టపడి ఇచ్చేది కట్నం ఎలా అవుతుంది?' అని గిట్టనివాళ్ళు వాదించవచ్చు. వాదించనివ్వండి. వాదనకు చోటున్న వాక్యమే పేరాను ముందుకు నడిపిస్తుంది.

ఇంకో కాగితం చూస్తే మనసు కష్టమనిపించింది. 'స్త్రీ జీవితంలో వివాహం ఒక ముఖ్య ఘట్టం' అని మొదలై, ఓర్పు, సంప్రదాయం అంటూ పది వరసలు సాగి, తీరా పేరా చివర 'పెళ్ళిలో పెట్టిన నగలు ఇప్పుడు ఎవరి బీరువాలో ఉన్నాయో ఏ కోడలినైనా అడగండి' అని ఆగిపోయింది. అసలు వాక్యం అదే! అది ముందుకు వచ్చి ఉంటే, తాళంచెవి ఎవరి కొంగున ఉందో, తాకట్టుకు వెళ్ళినవి మళ్ళీ వచ్చాయో లేదో, అన్నీ వెంట వచ్చేవి. ఆవిడకు వ్రాయడం రాక కాదు, జంకు. మనకిది అలవాటేగా! కాఫీ, ఎండలు, పిల్లల చదువులు అన్నీ మాట్లాడి, అసలు మాట గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ చెబుతాం. అంత్య నిష్ఠూరం కంటే ఆది నిష్ఠూరం మేలన్నారు పెద్దలు. ఆ సామెత పేరాలకూ పనికొస్తుంది.

అయితే ఆ వాక్యం మొదటే ఉండాలన్నది శాసనమా? స్కాట్లండుకు చెందిన అలెగ్జాండర్ బెయిన్ 1866లో తన రచనాశాస్త్ర గ్రంథంలో దాదాపు అలాగే సూత్రం చెప్పాడు. పేరా దేన్ని గురించో తొలి వాక్యమే చూపాలన్నాడు. ఆ తరవాత పంతుళ్ళు దాన్నే వల్లె వేయించారు. 1974లో రిచర్డ్ బ్రాడక్ అనే ఆయన అమెరికా పత్రికల్లో వచ్చిన 25 వ్యాసాలు తీసి లెక్క చూస్తే, అలా మొదలైన పేరాలు నూటికి సుమారు 13 మాత్రమే తేలాయట! చేయి తిరిగినవాళ్ళు ఆ వాక్యాన్ని మధ్యలోనో చివరనో పెడతారు, ఒక్కోసారి చెప్పకనే చెబుతారు.

నా మట్టుకు నేను ఇలా అనుకుంటాను. వాక్యం ఎక్కడున్నా సరే, అక్కడే ఎందుకు పెట్టామో మనకు తెలిసి ఉండాలి. ఒక్కొక్క సంగతీ పేర్చుకుంటూ వచ్చి చివర మూత తీస్తే అది నేర్పు. భయపడి చివరకు నెడితే దాపరికం. పేరా పూర్తయ్యాక 'ఇందులో నేనన్నదేమిటి?' అని ఒక్క ముక్కలో చెప్పుకుని చూడండి. జవాబు రాకపోతే ఆ పేరా కొట్టేయవచ్చు. జవాబు వచ్చి, కాగితం మీద ఎక్కడా కనబడకపోతే, ముందు దాన్ని వ్రాయాలి.

బహుమతి పేరు మార్చుకున్న కట్నానికే ఇచ్చాము. నగల కాగితం మార్జిన్‌లో మాత్రం, 'చివరి వాక్యం మొదట పెట్టి తిరిగి వ్రాయండి, చదవాలని ఉంది' అని వ్రాసి పంపాను.