కెల్టిక్ మాటలు: ఇచ్చినవారూ, పుచ్చుకున్నవారూ

భాషల మధ్య మాటల ఇచ్చిపుచ్చుకోళ్ళను గురించి ఒక అభిప్రాయం చాలాకాలంగా చలామణీ అవుతున్నది. సంపన్నమైన భాష ఇస్తుంది, పేద భాష పుచ్చుకుంటుంది అని. ఇంగ్లీషు నిఘంటువులో కెల్టిక్ మాటలు చాలా కొద్ది. కనుక కెల్టిక్ భాషలకు ఇవ్వడానికేమీ లేకపోయిందని ఈ వాదాన్నిబట్టి తేలుతుంది. ఇది నిజమేనా?

కెల్టిక్ అనేది ఒక భాష కాదు, ఒక కుటుంబం. ఐరిష్, స్కాట్లండు గేలిక్, మాంక్స్ ఒక శాఖ. వెల్ష్, కార్నిష్, బ్రెటన్ మరొక శాఖ. నేటి ఫ్రాన్సులో అధికభాగాన ఒకప్పుడు వినిపించిన గాలిష్ ఏనాడో నశించింది. ఈ కుటుంబానికీ సంస్కృతానికీ మూలం ఒకటే కావచ్చునని 1786లో విలియం జోన్స్ కలకత్తాలో సూచించాడు. 1853లో జర్మన్ పండితుడు ట్సాయిస్ వ్యాకరణం వెలువడడంతో ఈ అధ్యయనానికి శాస్త్రీయమైన పునాది ఏర్పడింది.

రోమన్ల విజయాలకు పూర్వం మధ్య, పశ్చిమ యూరపులో కెల్టులు బలవంతులు. ఇనుము పనిలో ఆరితేరినవారు. ఆనాడు ఇరుగుపొరుగువారు వారినుంచి ఏ మాటలు పుచ్చుకున్నారు? ఇంగ్లీషు ‘ఐరన్’, జర్మన్ ‘ఐజెన్’ రెండూ ఒక కెల్టిక్ మాట సంతతేనని పలువురు భాషావేత్తల నిర్ణయం. సంస్కృత ‘రాజన్’, లాటిన్ ‘రెక్స్’, గాలిష్ ‘రీక్స్’ తోబుట్టువులు. రాజ్యమనే అర్థంగల జర్మన్ ‘రైఖ్’ మాత్రం తోబుట్టువు కాదు, కెల్టుల దగ్గర తెచ్చుకున్న అప్పు. దాని పూర్వరూపంలోని ఈకారమే అందుకు సాక్ష్యం. గాలిష్‌లో ‘కర్రోస్’ అంటే బండి. లాటిన్ దాన్ని ‘కర్రుస్’గా తీసుకున్నది, ‘కారు’, ‘కార్గో’ దాని బిడ్డలే. కెల్టు ప్రభువుల వెంట ఉండే అనుచరులను సీజరు ‘అంబక్తుస్’ అన్నాడు. చుట్టూ తిరిగేవాడని దాని వ్యుత్పత్తి. మన ‘పరిచారకుడు’ వంటిదే. జర్మన్‌లో అది ప్రభుత్వ కార్యాలయమనే అర్థంగల ‘ఆమ్ట్’ అయింది. చేతులు మారుతూ చివరకు ‘అంబాసిడర్’ అయింది. 2014లో తయారీ నిలిచిపోయిన అంబాసిడర్ కారులో దర్జాగా తిరిగిన మన అధికారులకు, ఆ పేరులోని రెండు మాటలూ కెల్టుల సొమ్మేననీ, మొదటిదానికి సేవకుడని అర్థమనీ తెలిసి ఉండదు.

అంటే, బలమున్ననాడు కెల్టులు ఇచ్చినవి ఇనుము, బండి, రాజ్యం, కొలువు.

క్రీ.పూ. 58–50 మధ్య సీజరు గాల్ దేశాన్ని జయించాడు. తరువాత పాలన, న్యాయం, చదువు లాటిన్ వశమయ్యాయి. ఫ్రెంచిలో మిగిలిన గాలిష్ మాటలు ఎటువంటివో చూడండి: ‘షెన్’ ఓక్ చెట్టు, ‘షారూ’ నాగలి, ‘బూ’ బురద, ‘రూష్’ తేనెటీగల గూడు, ‘ముతోఁ’ గొర్రె. కచేరీలో చచ్చిపోయిన భాష పొలంలో బతికింది.

బ్రిటన్‌లో ఆంగ్లో-సాక్సన్ల రాకతో జరిగినదీ ఇదే. ‘ఏవన్’ నది పేరుకు అర్థం కేవలం ‘నది’. లాంకషైర్‌లోని పెండిల్ హిల్ పేరులో మొదట కెల్టిక్ ‘పెన్’, దానిమీద ప్రాచీనాంగ్లం ‘హిల్’, అది అరిగిపోయాక మళ్ళీ ‘హిల్’ చేరి, కొండ అనే అర్థం ముమ్మారు వచ్చింది. భూమిని తీసుకున్నవారు భూమి పేర్లను మాత్రం దానితోపాటే తీసుకున్నారు. మనుషుల పేరు సంగతి వేరు. వేల్సు ప్రజలు తమను ‘కమ్రీ’ అని చెప్పుకుంటారు. ఒకే గడ్డకు చెందినవారని అర్థం. వలసవచ్చిన సాక్సన్లు వారిని ‘వెయల్హ్’ అన్నారు, పరాయివాడని అర్థం. సొంతగడ్డమీద వారు పరాయివారయ్యారు. ఆ మాటకే క్రమంగా ‘బానిస’ అనే అర్థం కూడా వచ్చింది. ‘వెల్ష్’, ‘వేల్స్’ దానినుంచి పుట్టినవే.

ఇంగ్లీషులో కెల్టిక్ మాటలు తక్కువ కావడానికి డెన్మార్కు పండితుడు యెస్పర్సన్ 1905లో కారణం చెప్పాడు. ఓడినవారి భాష నేర్చుకోవలసిన అగత్యం పాలకులకు లేకపోయిందని ఆయన వాదం. ఇది సరైన మాటే, కాని సగం మాట. పాలకులు నేర్చుకోలేదు సరే, పాలితులు పాలకుల భాష నేర్చుకోక తప్పలేదు గదా! అలా నేర్చుకున్నవారు కొత్త భాషలోకి తమ మాటలను తీసుకుపోరు. వాటికి అక్కడ విలువ లేదు. తమ వాక్యపు నడకను తీసుకుపోతారు. ఐర్లండులో ఇప్పుడే భోజనం చేశానడానికి ‘ఐయామ్ ఆఫ్టర్ ఈటింగ్ మై డిన్నర్’ అంటారు. ఇది ఐరిష్ వాక్యానికి ఇంగ్లీషు తొడుగు. ఇంగ్లీషు ప్రశ్నల్లోని ‘డూ’ వాడుకకూడా వెల్ష్, కార్నిష్ జనం చేర్చినదేనని కొందరు నేటి భాషావేత్తల వాదం. దీనిమీద వివాదం ఇంకా తెగలేదు. ఏమైనా మాటలను మాత్రమే లెక్కించే కొలబద్ద, శ్రమజీవుల వాటాను సున్నాగా చూపిస్తుందన్నది స్పష్టం.

వచ్చిన ఆ కొద్ది మాటల చరిత్రయినా తక్కువది కాదు. 17వ శతాబ్దంలో భూములు పోగొట్టుకుని, దోపిళ్ళమీద బతికిన ఐరిష్ వారిని ‘తోరీ’లన్నారు. 1680 ప్రాంతంలో ఇంగ్లండు రాజపక్షాన్ని తిట్టడానికి ప్రత్యర్థులు అదే మాట వాడారు. ఆ తిట్టే భూస్వాముల పార్టీకి పేరై స్థిరపడింది. భూమి కోల్పోయినవాడి పేరు భూమి మింగినవాడికి దక్కింది! మన ఊరేగింపుల్లో వినిపించే ‘స్లోగన్’ కూడా గేలిక్ మాటే; సేన వేసే కేక అని అర్థం.

ఈ విషయంలో మనవారూ పొరపాటుకు అతీతులు కారు. 1849లో ఎంగెల్స్ స్కాట్లండు గేల్‌లనూ బ్రెటన్‌లనూ చరిత్ర తొక్కేసిన జాతి శేషాలుగా, ప్రతివిప్లవానికి ఊతమిచ్చేవారుగా లెక్కగట్టాడు. అదే ఎంగెల్స్ 1870 ప్రాంతంలో ఐర్లండు చరిత్ర రాయడానికి పూనుకుని ఐరిష్ భాష నేర్చుకోసాగాడు. 1884 నాటి కుటుంబ వ్యవస్థ గ్రంథంలో కెల్టుల గోత్రవ్యవస్థను ఆధారంగా తీసుకున్నాడు. భాష దగ్గరికి వెళ్ళాక చూపు మారింది. ఇందులో మనకు పాఠం ఉంది. చిన్న భాషలు చావడం పురోగతికి చెల్లించే సుంకమని సరిపెట్టుకోవడం అభ్యుదయం కాదు.

1845–52 మధ్య ఐర్లండు కరువులో సుమారు పదిలక్షలమంది చనిపోయారు. మరో పదిలక్షలమంది దేశం విడిచారు. ఐరిష్ మాట్లాడే పేదలమీదే ఆ దెబ్బ గట్టిగా పడింది. 1974లో మాంక్స్ మాతృభాషగాగల ఆఖరి మనిషి నెడ్ మాడ్రెల్ మరణించాడు. మరోవైపు, ప్రజలు పోరాడిన చోట 2011లో వెల్ష్‌కు వేల్సులో అధికారభాష హోదా చట్టబద్ధమైంది. ఈ జయాపజయాలలో దేనికీ ఆ భాషల వ్యాకరణం కారణం కాదు. నిఘంటువు తెరిచినప్పుడు పక్కనే భూమి దస్తావేజు కూడా తెరిచి చదవాలి. అప్పుడు గాని, ఏ భాష పేదదో కాక, ఎవరిని పేదలను చేశారో మనకు బోధపడదు.