గొడుగు పెద్దగైతాంది!

పిల్లలకు బొమ్మల పుస్తకం చదివి వినిపించడం ఎంతపని అనుకుంటాం. పేజీకి రెండు మూడు వాక్యాలు, అన్నీ తెలిసిన జంతువులే. కానీ ఆ వాక్యాల మధ్య మనం నోరు కట్టుకోవడమే అసలు కష్టం.

రష్యన్ రచయిత వ్లదీమిర్ సుతేయెవ్ (1903–1993) రాసిన పుట్టగొడుగు కథే చూడండి. జోరువానలో ఓ చీమ చిన్న పుట్టగొడుగు కిందికి దూరుతుంది. తడిసిన సీతాకోకచిలుక వస్తే జరిగి చోటిస్తుంది. తర్వాత ఎలుక, పిచ్చుక, కుందేలు. కుందేలు కోసం వచ్చిన నక్క, ఇంత ఇరుకులో అదెక్కడ పడుతుందిలే అనుకుని వెళ్లిపోతుంది. ఒక్క చీమకే చాలని చోటు అయిదింటికి ఎలా సరిపోయింది? గొడుగు మీద కూర్చున్న కప్ప చెప్పబోయి, నవ్వేసి పోతుంది. రచయితా చెప్పడు, మీకు తెలిసిందా అని పిల్లలనే అడుగుతాడు. జవాబు బొమ్మల్లో ఉంది. సుతేయెవ్ యానిమేషన్ సినిమాల మనిషి. కదలికను గీతలో చూపించడం ఆయన వృత్తి.

ఉట్నూరు వైపు ఓ బడిలో ఈ కథ చదివాను. ఇంట్లో గోండీ, కొలామీ మాట్లాడే పిల్లలు. నా తెలుగు వాళ్లకు సగమే అందుతున్నట్టుంది. పిచ్చుక వచ్చిన పేజీ దగ్గర ముందు వరసలోని ఓ పిల్ల లేచి వచ్చింది. గొడుగు అంచు మీద వేలు పెట్టి, తనే పేజీ వెనక్కి తిప్పి, అక్కడా వేలు పెట్టి చూసింది.

"సార్, గొడుగు పెద్దగైతాంది!"

అప్పటికింకా నక్క రానేలేదు. వానలు పడగానే పుట్టగొడుగులు ఏరుకొచ్చే పిల్లలకు ఆ సంగతి వేరే ఎవరు చెప్పాలి? "చూశారా, వానకు పెరిగింది" అని ఎలుక దగ్గరే నేను విప్పేసి ఉంటే, ఆ పిల్ల కూర్చున్నచోటు నుంచి కదిలేదే కాదు.

మన దగ్గర రచయితలకు కొదవ లేదు. మెట్‌పల్లి ప్రాంతానికి చెందిన వాసాల నర్సయ్యకు 2017లో, సిరిసిల్ల బిడ్డ పత్తిపాక మోహన్‌కు 2022లో సాహిత్య అకాడెమీ బాల సాహిత్య పురస్కారాలు వచ్చాయి. నిర్మల్‌లో పొనికి కర్రతో జంతువులు, పక్షులు చెక్కి రంగులద్దే నకాషీ కళాకారులున్నారు. రాసేవాళ్లు, గీసేవాళ్లు పక్కపక్క జిల్లాల్లోనే ఉన్నా, ఇద్దరూ మొదటి నుంచీ కలిసి చేసిన పుస్తకాలు అరుదు. కథ పూర్తయ్యాకే బొమ్మల కోసం కబురు పెడతాం. "ఉడుత చెట్టెక్కింది" అని రాసి ఉంటుంది, కింద చెట్టెక్కిన ఉడుత ఉంటుంది. ఇక పిల్లవాడు కనిపెట్టడానికి ఏం మిగిలింది? చివర్లో నీతి కూడా మనమే చెప్పేస్తాం.

పిల్లలకు రాసేవాళ్లకు నాదొక మనవి. చిత్తుప్రతి చేతిలో ఉండగానే చిత్రకారుడి పక్కన కూర్చోండి. బొమ్మ చెప్పగలదని ఆయన అన్న ప్రతి వాక్యాన్నీ, ఎంత ముద్దుగా కుదిరినా సరే, అక్కడికక్కడే కొట్టేయండి.