అద్దెకున్నవాళ్లు కనపడని పుస్తకం

రాబర్ట్ కియోసాకి ‘రిచ్ డాడ్ పూర్ డాడ్’ (1997)లో నాకు నచ్చేది ఒక్క నిర్వచనం: జేబులో డబ్బు వేసేది ఆస్తి, తీసేది భారం. దాంతోనే మన లెక్క చూద్దాం. 80 లక్షల ఫ్లాట్, నెలకి 20 వేల అద్దె అనుకోండి. ఏడాదికి 2.4 లక్షలు, అంటే 3 శాతం. 60 లక్షల లోన్‌కి 8.5 శాతం చొప్పున మొదటి ఏడాది వడ్డీయే సుమారు 5 లక్షలు. ఆపైన మెయింటెనెన్స్, ఇంటి పన్ను, టు-లెట్ బోర్డు వేలాడే నెలలు. ఆయన మాట ప్రకారమే ఇది భారం!

లెక్క తేలని కొత్త ఓనరు చూపు అద్దెకున్నవాళ్ల మీద పడుతుంది: అద్దె పెంపు, అడ్వాన్సులో కోత. పుస్తకం చదువుతున్నంతసేపూ నాకు ఆ మనిషి మొహం కనపడలేదు, ఆదాయం కింద అంకె తప్ప. చదవండి. కానీ కొనేముందు ఏడాదికి పదకొండు నెలల అద్దే వస్తుందనుకుని లెక్కేసుకోండి.